వదినకి చెప్పాను

ఐసు మెషీను బాగుచేయడానికి ఏ మెకానిక్కు వచ్చినా మూత విప్పగానే అనే మొదటి మాట ఒక్కటే. "ఇంతకుముందు దీన్ని ముట్టుకున్నవాడెవడమ్మా?" ఆ మాటని నాలుక చప్పరించి మరీ అంటారు. ఆ చప్పరింపులోనే సగం బిల్లు తయారైపోతుంది. వెనకటివాడు వెధవని తేలాక ఇప్పటివాడు దేవుడు కావడానికి వేరే కష్టమేమీ పడక్కర్లేదు మరి.

ఐసక్క ఆ వారంలో ఈ మాట రెండుసార్లు వింది. రెండుసార్లూ నమ్మింది. నాలుగేళ్ళ కింద ఇదే మాట మొదటిసారి విని, నమ్మి, తను ఏం పోగొట్టుకుందో అప్పటికింకా ఆమెకి తెలీదు.

చేపల మార్కెట్టు చివర, తూకాల గట్టు దాటాక వచ్చే మూలగది ఆమెది. ఆమె అసలు పేరు మార్కెట్టులో ఎవరికీ పట్టలేదు. ఐసమ్ముతుంది కాబట్టి ఐసక్క. పదడుగుల గది, ఏనాడూ తడారని నేల, గోడకానుకుని మనిషికంటే ఎత్తున్న స్టీలు మెషీను. దాని లోపల నిలువుగా ఒక గళ్ళ పలక ఉంటుంది. పలక మీద నీళ్ళు జారుతూ జారుతూ గడ్డకడతాయి. గళ్ళు నిండగానే పలక కాస్త వేడెక్కి, ముక్కలన్నీ ఒక్కసారిగా కింది పెట్టెలో రాలతాయి. పొద్దున్నే ఆ గలగల వింటే గానీ ఐసక్క మొహం కడుక్కునేది కాదు. ఆ చప్పుడు మీదే ఇల్లు నడిచింది, ఇద్దరాడపిల్లల చదువులు నడిచాయి, ఆయనగారి ఇస్త్రీ చొక్కాలూ నడిచాయి.

సోమవారం పొద్దున ఆ గలగల లేదు. తలుపు తీసి చూస్తే ఐసు ముక్కలుగా రాలకుండా పలకంతా ఒకటే దిమ్మగా, దిండంత మందాన పేరుకుని ఉంది. మెషీను కాసేపు మూలిగి, ఎర్రదీపం పెట్టుకుని ఆగిపోయింది.

మెషీను ఆగితే మిగతా దుకాణాలవాళ్ళకి నష్టం. ఐసక్కకి అంతకంటే పెద్ద గండం. ఆ గది మార్కెట్టు సంఘానిది. ఐసు కోసమనే ఇచ్చారు. వరసగా ఏడు రోజులు ఐసు లేకపోతే తాళం తిరిగిచ్చేయాలని కాగితం మీద రాసుంది. ఆ గది కోసం పార్శిల్ పెట్టెలమ్మే ఆయన రెండేళ్ళుగా సంఘం కార్యదర్శి చుట్టూ తిరుగుతున్నాడు. అందుకే సోమవారం పదిగంటలకల్లా కార్యదర్శి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇవాళ ఒకటి కదక్కా?" అని బొటనవేలు ముడిచి చూపించి వెళ్ళాడు. పెళ్ళి ముహూర్తానికి కూడా అంత కచ్చితంగా రోజులు లెక్కపెట్టరు.

మొదట వచ్చింది బ్యాగు మేస్త్రీ. భుజాన రెండు, చేతిలో ఒకటి, ఎప్పుడూ మూడు బ్యాగులతో తిరుగుతాడు గనక ఆ పేరు. నాలుగేళ్ళుగా ఐసక్క నమ్మకమంతా ఆయన మీదే. ఆ నమ్మకం ఎలా మొదలైందో చెప్పకపోతే ఈ కథ ముందుకి కదలదు.

అంతకుముందు మెషీను చూసేది ఆమె సొంత మరిది. ఇంట్లో అందరికీ వాడు చిన్నోడు. పనితనం ఉందిగానీ, వాడు పనిచేసే తీరు చూసేవాళ్ళకి చిరాకెత్తేది. వచ్చీరాగానే స్టూలు లాక్కుని మెషీను ముందు కూర్చునేవాడు. ఒక విడత ఐసు మొదట్నించీ కట్టి, నిండి, రాలేదాకా, పావుగంటైనా ఇరవై నిమిషాలైనా స్క్రూడ్రైవరు బయటికి తీసేవాడు కాదు. చూసేవాడు, వినేవాడు. "బాగుచేయడానికొచ్చావా, సినిమాకొచ్చావా?" అని ఐసక్క విసుక్కునేది. లేచాక ఏదో చిన్న పని చేసి, "ఏమీ పాడవలేదు వదినా, తుడిస్తే సరిపోయింది" అనేవాడు. ఏమీ పాడవకపోతే ఇంతసేపు ఎందుకు కూర్చున్నట్టు? ఆమెకి లోపల ఎక్కడో అనుమానంగానే ఉండేది. పని చేసినవాడు చేతులకి మసి పూసుకోవాలి, నాలుగు సామాన్లు విప్పి నేలమీద పరవాలి, ఒకటి కాలిపోయిందని చూపించాలి. అప్పుడే కదా మనకీ డబ్బిచ్చిన తృప్తి!

ఒకసారి ఫ్యాన్ మోటారు కాలిపోయింది. కొత్తదానికని ఆమె డబ్బు తీసి భర్త చేతికిచ్చింది. మరిది వచ్చి మోటారు బిగించి వెళ్ళాడు. నాలుగు నెలల తర్వాత మరిది ఊళ్ళో లేనప్పుడు మెషీను మొరాయిస్తే, ఎవరో బ్యాగు మేస్త్రీని తీసుకొచ్చారు. ఆయన మూత విప్పి, నాలుక చప్పరించి, "దీన్ని ముట్టుకున్నవాడెవడమ్మా? ఇది పాత మోటారు. కొత్తదని చెప్పి మీకు అంటగట్టాడు" అన్నాడు.

అంతే. మర్నాడు మరిది రాగానే ఐసక్క నడి మార్కెట్టులో, తూకాల గట్టు దగ్గర, నలభైమంది చూస్తుండగా వాణ్ణి నిలబెట్టింది. "తోడబుట్టినవాడి ఇంటికే కన్నం వేస్తావట్రా, దొంగా!" అంది. ఆ ఒక్క మాటతో ఆగలేదు. ఆమె నోరు ఒకసారి తెరుచుకుంటే మూయడానికి మెకానిక్కు లేడు. మరిది పక్కనే ఉన్న అన్నకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. అన్న కింద పడున్న ఐసు ముక్కలకేసి చూస్తూ నిలబడ్డాడు. మరిది చేతిలోని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ రోజునించీ బ్యాగు మేస్త్రీ దేవుడు. సోమవారం మధ్యాహ్నం ఆ దేవుడు వచ్చి గ్యాసు అయిపోయిందని చెప్పి, గంటసేపు గ్యాసెక్కించి వెళ్ళాడు. రాత్రికి మళ్ళీ దిమ్మ కట్టింది. మంగళవారం ఫోను చేస్తే ఎత్తలేదు. దేవుళ్ళు అంత తేలిగ్గా పలుకుతారా ఏమిటి?

బుధవారం టై కట్టుకున్న ఒకాయన కంపెనీ నించి వచ్చాడు. మూత విప్పి, "గ్యాసెక్కించినవాడెవడండీ?" అని చప్పరించి, బోర్డు కాలిపోయిందని పీకి, వేరే బోర్డు పెట్టి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. పీకిన బోర్డుని మూలకి విసిరేశాడు. రాత్రికి మళ్ళీ దిమ్మ. శుక్రవారం ఫోనాయన వచ్చాడు. ఆయన మెషీను కంటే ఫోనుకేసే ఎక్కువ చూశాడు. మూత విప్పి ఎవరితోనో మాట్లాడుతూనే, "ఈ బోర్డు పెట్టిన గాడిదెవడు? కంప్రెసరు పోయింది మేడమ్, కొత్త మెషీనుకి సగం పెట్టాలి. అడ్వాన్సు ఇస్తేనే మూత బిగిస్తా" అన్నాడు. ఇవ్వలేకపోయింది. విప్పిన మూతని గోడకి ఆనించి, స్క్రూలు ఒక రేకు డబ్బాలో పోసి వెళ్ళిపోయాడు.

కార్యదర్శి రోజుకో వేలు ముడుస్తూనే ఉన్నాడు. చేపలవాళ్ళు అవతలి వీధిలో ఆగే ఐసు బండి దగ్గరికి టబ్బులు మోసుకెళ్తూ, ఆమె గది ముందునించి వెళ్ళేటప్పుడు తలలు తిప్పుకున్నారు. వాళ్ళనీ ఏమనలేం. ఎవరి కష్టం చూసీ చేప కుళ్ళకుండా ఆగదు.

శనివారం పొద్దున, ఆరో రోజు, ఐసక్క గది తుడుస్తూ గోడకానించిన మూత దగ్గర వంగింది. మూతకి లోపలివైపు ఒక అట్ట అంటించి ఉంది. తడి తగలకుండా ప్లాస్టిక్కు కవరు, నాలుగు పక్కలా టేపు. గుండ్రటి అక్షరాలు, చిన్నపిల్లల కాపీ పుస్తకంలో ఉన్నట్టు. మరిది రాత అని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పెద్దకూతురికి అక్షరాలు దిద్దించింది వాడే.

"ఐసు పల్చగా వస్తోంది. నీళ్ళ ఫిల్టరు మార్చాను. మూడు నెలలకోసారి మార్చాలి. వదినకి చెప్పాను."

"చప్పుడు ఎక్కువ. బోల్టులు బిగించాను. ఏమీ పాడవలేదు. వదినకి చెప్పాను."

"ఐసు ముక్కలుగా రాలక దిమ్మ కట్టింది. పలక ముందున్న పుల్లకి ఉప్పు పట్టింది, అందుకే గళ్ళు నిండిన సంగతి మెషీనుకి తెలీలేదు. తుడిచాను. ఇవి ఉప్పు నీళ్ళు, నెలకోసారి తుడవాలి. వదినకి చెప్పాను."

ఐసక్క అక్కడే తడినేల మీద కూర్చుంది. వాడు చెప్పిన మాట నిజమే. ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా చెప్పాడు. ఆమె ఒక చేత్తో ఐసు తోడుతూ, ఒక చేత్తో చిల్లర అందుకుంటూ "ఊఁ, ఊఁ" అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ముగ్గురు మేస్త్రీలూ ఈ మూత విప్పారు, ముగ్గురికీ చదువొచ్చు, ముగ్గురి కళ్ళముందూ జబ్బు పేరూ మందు పేరూ రాసే ఉన్నాయి. చదవకుండా ఉండి ఉంటారా? చదివే ఉంటారు. తుడిస్తే పోయే జబ్బుకి బిల్లు ఎంతని రాస్తారు పాపం!

అట్ట మీద చివర ఇంకో నాలుగు వరసలున్నాయి.

"ఫ్యాన్ మోటారు కాలింది. కొత్తదానికి వదిన ఇచ్చిన డబ్బు అన్న దగ్గర ఉంది. వచ్చే నెల కొంటానన్నాడు. అప్పటిదాకా నా దగ్గరున్న పాత మోటారు, ఎర్రచుక్క పెట్టినది, వేశాను. డబ్బు తీసుకోలేదు. అన్నకి చెప్పాను. వదినకి తనే చెప్తానన్నాడు."

ఆమె లేచి మెషీను వెనక్కి తల పెట్టి చూసింది. ఫ్యాన్ మోటారు మీద దుమ్ముంది. కొంగుతో తుడిచింది. ఎర్రచుక్క కనిపించింది. పాత మోటారు పీకేసి కొత్తది వేశానని చెప్పి నాలుగేళ్ళ కింద బ్యాగు మేస్త్రీ కూడా డబ్బు పట్టుకెళ్ళాడు. అంటే ఇంటాయనొకసారి, బయటాయనొకసారి, కొత్త మోటారు పేరు చెప్పి ఇద్దరు తిన్నారు. ఊరికే వచ్చిన ఆ పాత మోటారొక్కటే నాలుగేళ్ళూ గిరగిరా తిరిగింది. దొంగ అనిపించుకున్నవాడిది.

పుల్ల ఎక్కడుందో వెతికి, తెల్లగా పేరుకున్న ఉప్పంతా తుడిచి, ఆమె మెషీను వేసి చూసింది. నీళ్ళు జారాయి, మెషీను రెండు నిమిషాలు వణికి, ఎర్రదీపంతో ఆగింది. జబ్బు పుల్లదే గానీ, ఇప్పుడు దానికి తోడు ముగ్గురి వైద్యం కూడా వంటబట్టింది.

మధ్యాహ్నం భర్త క్యారేజీ తెచ్చాడు. ఆయన నెమ్మదైన మనిషి. గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. మార్కెట్టులో అందరికీ ఆయనంటే ఇష్టం, ఐసక్క నోటిని భరిస్తున్నందుకు కాస్త జాలి కూడా. ఆమె మూతకేసి చూపించింది. ఆయన వంగి చదివాడు. నాలుగు వరసలకి పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువసేపు చదివాడు.

"వీడు ఇవన్నీ రాసి కూడా పెట్టాడా?" అన్నాడు చివరికి.

"మోటారు డబ్బులు ఏం చేశారండీ?"

"అప్పుడేదో అవసరం పడింది."

"ఏం అవసరం?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. "గుర్తులేదే," అన్నాడు.

తాగానన్నా, పేకాడానన్నా, ఎవతెకో పెట్టానన్నా ఆమెకి కోపం పెట్టుకోవడానికి ఒక చోటు దొరికేది. గుర్తులేదట! తమ్ముడి పరువుకి బదులుగా కొనుక్కున్నదేమిటో మనిషికి గుర్తు కూడా లేదు.

"నేను వాణ్ణి నలుగురిలో దొంగా అన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు కదండీ."

"ఉన్నా. నువ్వు వాణ్ణడిగావు, నన్నడగలేదుగా."

"వాడు మీకేసి చూశాడు."

"చూశాడు," అన్నాడాయన, ఆ రోజులాగే నేలకేసి చూస్తూ. "వాడే చెప్తాడేమో అనుకున్నా. వాడు చెప్పలేదు. చెప్పాల్సినవాడే ఊరుకున్నాక ఇంక నేనెందుకు..."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఐసక్కకి పట్టుకోవడానికి ఒక అట్టముక్కా నాలుగేళ్ళూ పట్టాయి. పట్టుకుని మాత్రం ఏం చేసేట్టు? డబ్బు ఆయన తిన్నాడు, సరే. మరి దొంగా అన్న నోరెవరిది? ఎవడో మూడు బ్యాగులవాడు నాలుక చప్పరిస్తే నమ్మిన చెవులెవరివి? పదహారేళ్ళు "వదినా, వదినా" అంటూ తిరిగిన పిల్లాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు, తిట్టింది. ఆమెకి ఏడుపు రాలేదు. క్యారేజీ విప్పకుండానే చెప్పులేసుకుని బయల్దేరింది.

మరిది ఉండేది టైర్ల దుకాణం పైన, రెండో అంతస్తులో. మెట్ల మీద సైకిళ్ళు, ఎండబెట్టిన బట్టలు. తలుపు తీసింది తోటికోడలు. సగమే తీసి, గడప మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"ఏంటక్కా, దారి తప్పావా?"

"మరిది ఉన్నాడా?"

"ఉన్నాడు. మార్కెట్టులో ఐసు ఆగిపోయిందని విన్నాంలే. మాకోసమైతే ఈ నాలుగేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదానివి. మెషీను కోసం ఆరో రోజుకే వచ్చావు."

ఐసక్క తల వంచుకుంది.

మరిది లోపల్నించి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. దొంగ అన్న మాట మార్కెట్టు దాటి వీధులన్నీ తిరిగాక వాణ్ణి పనికి పిలిచినవాళ్ళు లేరు. ఇప్పుడొక శీతల గిడ్డంగిలో గంటకోసారి మీటరు చూసి అంకె రాసే ఉద్యోగం. బాగుచేసే చేతులకి బాగుచేసే పని లేదు.

"కూర్చోండి," అన్నాడు.

కూర్చో వదినా అనలేదు. ఆమెకి ఆ తేడా సూదిలా దిగింది.

"అట్ట చదివానురా," అంది. "ఇవాళే చూశాను. మొత్తం చదివాను."

"అది మెకానిక్కుల కోసం రాసింది. మీరు చదవాలని కాదు. మెషీను ఏం చేస్తోంది?"

చెప్పింది. ఎవరెవరొచ్చారో, ఏమేం మార్చారో కూడా చెప్పింది. వాడు నాలుక చప్పరించలేదు. వచ్చిన ముగ్గురిలో ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "పాత బోర్డు పారేశారా?" అని మాత్రం అడిగాడు.

"లేదు, మూల పడుంది."

"ఉంచండి. రేపు నాకు సెలవు. ఆరింటికల్లా వస్తాను. ఈ లోపల ఒక కొత్త ఫ్యాన్ మోటారు కొనిపెట్టండి. మీ చేత్తో కొనండి."

"ఉన్నది బాగానే తిరుగుతోంది కదరా?"

"తెలుసు."

ఆమె లేచి నిలబడింది. "నన్ను క్షమించరా. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. పాపిష్టి నోరు నాది," అంది.

మరిది గోడకేసి చూశాడు. మాట్లాడింది తోటికోడలే. "నడి మార్కెట్టులో అన్న మాట నాలుగు గోడల మధ్య వెనక్కి తీసుకుంటే ఎలా అక్కా?"

ఆదివారం ఆరింటికి మరిది వచ్చాడు. ఎవరికేసీ చూడకుండా స్టూలు లాక్కుని మెషీను ముందు కూర్చున్నాడు. మెషీను వేసి, ఆగేదాకా విన్నాడు. మళ్ళీ వేసి, మళ్ళీ విన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఐసక్క ఈసారి విసుక్కోలేదు. వాడు అలా గంట కూర్చున్నా, రోజంతా కూర్చున్నా చూస్తూ ఉండిపోగలననిపించింది ఆమెకి. ఆమె మొగుడు మాత్రం కనుచూపు మేరలో లేడు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీకిచ్చి రావాలని వెళ్ళాడు.

వాడు లేచి పాత బోర్డు బిగించాడు, ఎక్కువైన గ్యాసు తీశాడు. పుల్లని ఊడదీసి, కడిగి, పలకకి ఎంత దూరంలో ఉండాలో వేలితో కొలిచి పెట్టాడు. ఆ కాసేపట్లో మార్కెట్టు నిండింది. ఐసక్క బయటికి నడిచి తూకాల గట్టెక్కింది.

"అందరూ వినండి!" అని అరిచింది. అరవడం ఆమెకి కొత్త కాదు కాబట్టి అందరూ చేతుల్లో కత్తులతో సహా తలెత్తారు. "నాలుగేళ్ళ కింద ఇక్కడే నిలబడి నా మరిదిని దొంగా అన్నాను. వాడు దొంగ కాదు. మోటారు డబ్బు తిన్నది నా మొగుడు. వాడు తన సొంత మోటారు ఊరికే బిగించాడు. తప్పు నాది. నాదీ, ఆయనదీ."

రొయ్యలమ్మే ముసలావిడ కత్తిపీట మీంచి లేవకుండానే, "మాకు తెలుసులేవే," అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజే తెలుసు. ఆ పిల్లాడు వాళ్ళన్నకేసి చూసిన చూపు చూస్తే తెలీదా? మీ ఆయన సంగతి మాకు కొత్తా?"

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీ నోటికి ఎవరెదురొస్తారు తల్లీ?"

"సరే, నా నోటికి భయపడ్డారు. మరి మీ ఫ్రీజర్లకి వాణ్ణెందుకు పిలవడం మానేశారు? వాడు మంచోడని తెలిసి కూడా?"

ముసలావిడ రొయ్య తల తుంచి పక్కన పడేసింది. "అందరూ వద్దనుకున్నవాణ్ణి మనమొక్కళ్ళమే ఎందుకు పిలవాలి అనుకున్నాం," అంది. ఎవరి చేపలు వాళ్ళు కోసుకున్నారు.

ఐసక్క గట్టు దిగి గదిలోకి వచ్చింది. మరిది అంతా విన్నాడు. పుల్ల ముందు దీపం పట్టుకుని చూస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "ఈ మాట నాకు ఆ రోజు సాయంత్రం కావాల్సింది మేడమ్. మా ఆవిడ అప్పుడు ఏడో నెల. మార్కెట్టునించి ఎవరో ఇంటికెళ్ళి చెప్పారు. ఆ రాత్రంతా మా గుమ్మంకేసే చూశాను, అన్నయ్య వస్తాడని. ఇప్పుడు దీంతో నాకేం పని?"

మేడమ్! ఏడో నెల అన్నాక ఏమైందో ఆమె అడగలేదు. నిన్న వెళ్ళిన ఆ ఇంట్లో పిల్లల చెప్పులు లేవని, ఎండబెట్టిన బట్టల్లో ఒక్క చిన్న గౌనైనా లేదని అప్పుడు గుర్తొచ్చింది.

పదింటికి కార్యదర్శి వచ్చాడు. ఏడో వేలు సిద్ధంగా పెట్టుకుని, వెనక పార్శిల్ పెట్టెలాయన్ని కూడా తోడు తెచ్చుకున్నాడు. వాళ్ళు గుమ్మంలో ఉండగానే మెషీను లోపల పలక టిక్కుమంది, ముక్కలన్నీ గలగలా పెట్టెలోకి రాలాయి. కార్యదర్శి ఒక ముక్క తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. దాన్లో ఒక్క మచ్చ లేదు. "మంచిదేలే అక్కా," అని, పార్శిల్ పెట్టెలాయన మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. టబ్బులు పట్టుకుని చేపలవాళ్ళు వరసకట్టారు. గది నిలబడింది.

మరిది చివరగా మెషీను వెనక్కి వెళ్ళి ఎర్రచుక్క మోటారు ఊడదీశాడు. ఆమె కొన్న కొత్త మోటారు బిగించి, తిప్పి చూశాడు. పాతదాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

"అదెందుకురా నీకు? నాలుగేళ్ళు తిరిగి అరిగిపోయింది కదా."

"ఇది మీది కాదండీ. మన ఇల్లు కదా అని అప్పుడు పెట్టాను."

తన కూలి ఎంతో చెప్పాడు. అవతలి వీధిలో ఎవరికైనా అంతే. ఎక్కువా కాదు, తక్కువా కాదు. తక్కువ చెప్తే బావుండునని, అసలు వద్దంటే ఇంకా బావుండునని ఆమె ప్రాణం కొట్టుకుంది. డబ్బు తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మూత బిగించే ముందు వాడు రెండు నిమిషాలు దాని మీదికి వంగాడు. "మళ్ళీ ఆగితే ఫోను చేయండి, వస్తాను," అని సంచి భుజాన వేసుకుని, టబ్బుల వరస పక్కనించి నడిచి వెళ్ళిపోయాడు. నిజాయితీ గల మెకానిక్కు దొరికాడు. ఎప్పుడు పిలిచినా వస్తాడు, మోసం చేయడు.

బేరాలు సద్దుమణిగాక మధ్యాహ్నం ఐసక్క స్క్రూడ్రైవరు అరువు తెచ్చుకుని మూత విప్పింది. మెషీనుకి ఏమీ కాలేదు. ఊరికే విప్పింది. అట్ట మీద చివరి వరస కింద సిరా ఇంకా కొత్తగా ఉంది. అవే గుండ్రటి అక్షరాలు.

"పుల్లకి ఉప్పు పట్టింది, తుడిచాను. గ్యాసు తగ్గించాను. పాత బోర్డే పెట్టాను. ఫ్యాన్ మోటారు కొత్తది. నెలకోసారి పుల్ల తుడవాలి. ఓనరుకి చెప్పాను."